సన్న ఫోన్‌తో ఏడాది దాటాక: మందం, బరువు, బ్యాటరీ లెక్క

సన్న ఫోన్ కొన్న మొదటి వారం చేతికి తెలిసేది దాని మందమే. నెల తిరిగేసరికి మందం సంగతి మరిచిపోతాం, బరువు మాత్రం రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఏడాది దాటాక రోజూ గుర్తుచేసేది బ్యాటరీయే. 6 మి.మీ. లోపు ఫోన్‌నీ 8 మి.మీ. పైనున్న ఫోన్‌నీ పక్కపక్కనే వాడిన మీదట తేలిన విషయం ఇది: సన్నదనం వల్ల నిజంగా కలిసొచ్చేది తేలిక. ఆ తేలికకు ఎంత చెల్లిస్తున్నామో కొన్న రోజున తెలియదు.

సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్, ఎస్25 ప్లస్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. రెండింటిదీ 6.7 అంగుళాల తెరే. ఎడ్జ్ 5.8 మి.మీ., 163 గ్రాములు, బ్యాటరీ సామర్థ్యం 3900 ఎంఏహెచ్. ప్లస్ 7.3 మి.మీ., 190 గ్రాములు, 4900 ఎంఏహెచ్. అంటే ఒకటిన్నర మి.మీ., 27 గ్రాములు తగ్గించుకోవడానికి 1000 ఎంఏహెచ్ వదులుకున్నట్టు.

మందం కాస్త తగ్గితేనే బ్యాటరీకి అంత దెబ్బ ఎందుకంటే, ముందు గాజు, డిస్‌ప్లే, వెనక పలక, సెల్ (అంటే లోపలి బ్యాటరీ) ఉబ్బడానికి వదిలే సందు, వీటిలో కోయడానికి పెద్దగా ఏమీ ఉండదు. కోతంతా సెల్ మీదే పడుతుంది. 60 మి.మీ. వెడల్పు, 90 మి.మీ. పొడవున్న సెల్‌లో ఒక్క మి.మీ. మందం తగ్గిస్తే 5.4 ఘన సెంటీమీటర్లు పోతాయి. మామూలు లిథియం అయాన్ సెల్‌లో అది దాదాపు వెయ్యి ఎంఏహెచ్, 15 గ్రాముల దాకా బరువు. అందుకే ఐఫోన్ ఎయిర్‌లో మదర్‌బోర్డును కెమెరా ఉబ్బులోకి నెట్టి, కిందంతా బ్యాటరీకే వదిలారు. ఆ ఫోన్‌కు చెప్పే 5.6 మి.మీ. మందంలో ఆ ఉబ్బును కలపలేదన్నది కూడా గుర్తుండాలి.

ఇక అసలు విషయం. రోజుకు 3000 ఎంఏహెచ్ ఖర్చయ్యే వాడకం అనుకుందాం. కొత్తలో 3900 ఫోన్‌లో రాత్రికి 23 శాతం మిగులుతుంది, 4900 ఫోన్‌లో 39 శాతం. రెండు బ్యాటరీల ఆరోగ్యమూ, అంటే కొత్తలో ఉన్న సామర్థ్యంలో మిగిలిన వంతు, 80 శాతానికి పడ్డాక సన్న ఫోన్‌లో మిగిలేది 4 శాతం, లావు ఫోన్‌లో 23 శాతం. పాతబడిన లావు ఫోన్, కొత్త సన్న ఫోన్‌తో సమానమన్నమాట! పైగా సన్నది ముందే పాతబడుతుంది. అదే వాడకానికి చిన్న బ్యాటరీ రోజుకు 0.77 సైకిల్ (నిండు బ్యాటరీ మొత్తం ఒకసారి ఖర్చయితే ఒక సైకిల్) తిరిగితే పెద్దది 0.61 దగ్గర ఆగుతుంది. 2025 జూన్ 20 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం ఉండాలి. ఆ 800 సైకిళ్లు చిన్న బ్యాటరీకి మూడేళ్లలోపే పూర్తవుతాయి, పెద్దదానికి మూడున్నరేళ్లు పడుతుంది.

పాత బ్యాటరీలో లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. 5, 6 శాతం దగ్గర కెమెరా తెరిస్తే వోల్టేజ్ ఒక్కసారిగా పడిపోయి ఫోన్ ఆగిపోవడానికి కారణం అదే. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ బ్యాటరీకి మంచిదే, కానీ 3900లో 80 శాతమంటే 3120. సన్న ఫోన్‌లో అది ఆన్ చేస్తే మొదటి రోజు నుంచే పాత బ్యాటరీతో బతికినట్టు ఉంటుంది. లావు ఫోన్‌లో హాయిగా పెట్టుకోవచ్చు.

వేడి దగ్గర కూడా సన్నదానికి ఇబ్బందే. ఎండలో మ్యాప్స్, హాట్‌స్పాట్, 4కె వీడియో, వీటిలో ఏ ఒక్కటి పావుగంట నడిచినా తెర వెలుగు తనంతట తనే తగ్గుతుంది. వేడిని పంచుకోవడానికి లోపల లోహం తక్కువ, సెల్ ప్రాసెసర్‌కు దగ్గర.

బరువులో మాత్రం సన్న ఫోన్‌కు తిరుగులేదు. పడుకుని ఒంటిచేత్తో చదివేటప్పుడు ఫోన్ భారమంతా చిటికెనవేలి మీదే ఆనుతుంది. 200 గ్రాములు దాటిన ఫోన్‌తో అరగంటకే ఆ వేలు నొప్పెడుతుంది, 165 గ్రాముల ఫోన్‌తో ఆ బాధ లేదు. మందమైన పౌచ్ వేస్తే సన్నదనం అక్కడికక్కడే పోతుంది. 30 గ్రాములు కలిసినా తేలికదనం కొంత మిగిలే ఉంటుంది.

సిలికాన్ కార్బన్ బ్యాటరీ ఈ లెక్కను కొంత మారుస్తుంది. మామూలు బ్యాటరీలో ఛార్జ్‌ను నిల్వ చేసే గ్రాఫైట్ గ్రాముకు 372 ఎంఏహెచ్ పట్టుకుంటే సిలికాన్ సిద్ధాంతపరంగా 3600 దాకా పట్టుకుంటుంది. కానీ ఛార్జ్ ఎక్కేటప్పుడు విపరీతంగా ఉబ్బుతుంది కాబట్టి కార్బన్‌తో కలిపి కొద్దికొద్దిగానే వాడుతున్నారు. వన్‌ప్లస్ 13 దాదాపు 8.5 మి.మీ.లోనే 6000 ఎంఏహెచ్ ఇచ్చింది. ఒక్కో సెల్‌లో నిల్వ ఉండే శక్తి 20 వాట్‌అవర్ దాటితే రవాణా నిబంధనలు కఠినమవుతాయి. ఒకే మోడల్‌ను కొన్ని దేశాల్లో చిన్న బ్యాటరీతో అమ్మడానికి అదొక కారణం, కాబట్టి మీరు కొనే చోట ఎంత ఇస్తున్నారో చూసుకోండి.

కొనేముందు వారం రోజులు రాత్రి పడుకునేముందు ఇప్పటి ఫోన్‌లో ఎంత శాతం ఖర్చయిందో రాసుకోండి. పగలు మధ్యలో ఛార్జ్ చేసి ఉంటే అదీ కలపండి. దాన్ని బ్యాటరీ ఎంఏహెచ్‌తో, దాని ప్రస్తుత ఆరోగ్య శాతంతో గుణించండి. వచ్చిన అంకె కొనబోయే ఫోన్ సామర్థ్యంలో 60 శాతం లోపు ఉంటే సన్న ఫోన్ తీసుకోండి, రెండు మూడేళ్లు సుఖంగా నడుస్తుంది. 75 దాటితే వద్దు, పవర్‌బ్యాంక్ మోయాల్సి వస్తుంది. 10000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ ఒక్కటే దాదాపు 200 గ్రాములు!