షాంక్లీయా, పైస్లీయా: లివర్‌పూల్‌కు ఎవరు మేలు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ చరిత్ర మాట వచ్చినప్పుడల్లా తెగని ప్రశ్న ఇదే: మేనేజర్‌గా బిల్ షాంక్లీ గొప్పా, బాబ్ పైస్లీ గొప్పా? కప్పులే లెక్కయితే వాదనే అక్కర్లేదు. పైస్లీ తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు (యూరప్ దేశాల విజేత క్లబ్బుల పోటీ) తెచ్చాడు. షాంక్లీ దాదాపు పదిహేనేళ్లలో మూడు లీగ్‌లు, రెండు ఎఫ్‌ఏ కప్పులు (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ), ఒక యుయెఫా కప్పు (యూరప్‌లో రెండో శ్రేణి పోటీ). అయితే 1974లో పైస్లీ చేతికి వచ్చింది అప్పుడే ఎఫ్‌ఏ కప్పు గెలిచిన జట్టు. షాంక్లీ 1959 డిసెంబరులో చేరేనాటికి క్లబ్బు రెండో డివిజన్‌లో మగ్గుతోంది.

ఆ మట్టిలోంచి జట్టును లేపిన ఘనత షాంక్లీదే. ఇరవై నలుగురు ఆటగాళ్లను ఏడాదిలోనే సాగనంపాడు కానీ అప్పటికే క్లబ్బు శిక్షణ సిబ్బందిలో ఉన్న పైస్లీ, ఫేగన్, బెన్నెట్‌లను మాత్రం కదపలేదు. బూట్లు పెట్టుకునే చిన్న గదిలో వాళ్లు కూర్చుని ఆటను తర్కించుకున్న పద్ధతే తర్వాతి పాతికేళ్లు క్లబ్బును నడిపింది. 1961లో ఆటగాళ్లు యేట్స్, సెయింట్ జాన్ వచ్చారు; 1962లో పై డివిజన్, 1964లో టైటిల్.

నా లెక్కలో తీర్పు తేల్చేది వేరే సంగతి: గెలుస్తున్న జట్టును ఎప్పుడు మార్చాలో తెలియడం. షాంక్లీ తడబడింది ఇక్కడే. 1966 టైటిల్ తర్వాత 1973 దాకా ఒక్క పెద్ద కప్పూ లేదు. తనను గెలిపించిన వాళ్లను వదులుకోవడానికి మనసొప్పలేదు. 1970 ఫిబ్రవరిలో రెండో డివిజన్ జట్టు వాట్‌ఫర్డ్ ఎఫ్‌ఏ కప్పులో 1-0తో ఓడించాక గానీ పాతవాళ్లను పక్కన పెట్టలేదు. ఆ మార్పు మాత్రం అద్భుతంగా చేశాడు: స్కంథార్ప్ లాంటి చిన్న క్లబ్బు నుంచి 1967లోనే తెచ్చుకున్న గోల్‌కీపర్ క్లెమెన్స్‌కు చోటిచ్చాడు, అదే క్లబ్బు నుంచి 1971లో ఫార్వర్డ్ కీగన్‌ను తెచ్చుకున్నాడు.

పైస్లీ ఓటమి కోసం ఆగలేదు. ఫిజియోగా పనిచేసినవాడు కనుక కాళ్లలో సత్తువ తగ్గడం ముందే కనిపెట్టేవాడు. 1977లో కీగన్ హాంబర్గ్‌కు వెళ్తే, వచ్చిన అయిదు లక్షల పౌండ్లలో 4,40,000 పెట్టి సెల్టిక్ నుంచి డాల్‌గ్లిష్‌ను తెచ్చాడు. ఆ ఏడు రోమ్‌లో యూరోపియన్ కప్పు ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో ఎనిమిది మంది షాంక్లీ కాలంవాళ్లు. 1981 పారిస్ ఫైనల్‌కు ఆ లెక్క తిరగబడింది: ఎనిమిది మంది పైస్లీ కాలంవాళ్లు, షాంక్లీ కాలంవాళ్లు ముగ్గురే. రెండు కప్పులూ గెలిచారు. మధ్యలో 1978-79లో 42 లీగ్ మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 16 మాత్రమే. ఆర్సెనల్‌లో ఫార్వర్డ్‌గా ఆడిన రే కెన్నెడీ షాంక్లీ చివరి కొనుగోలు. అతణ్ణి ఎడమవైపు మిడ్‌ఫీల్డర్‌గా మలిచింది పైస్లీ.

పైస్లీకీ వెలితి ఉంది. ఎఫ్‌ఏ కప్పు ఎప్పుడూ దక్కలేదు, 1977 ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడాడు. అయినా నా ఓటు పైస్లీకే.

తర్వాతి మేనేజర్లలో డాల్‌గ్లిష్ 1986లో లీగ్, ఎఫ్‌ఏ కప్పు రెండూ తెచ్చాడు. క్లాప్ 2020లో ముప్ఫై ఏళ్ల లీగ్ కరువు తీర్చాడు. ఈ పోలికలో వాళ్లిద్దరికీ ఇంతకంటే చోటు లేదు. పైస్లీ తర్వాత మేనేజరైన ఫేగన్ 1984లో ఒకే సీజన్‌లో మూడు కప్పులు గెలిచాడు కదా అంటారు. నిజమే. ఆ యూరోపియన్ కప్పు ఫైనల్లో అతను దింపిన పదకొండు మందీ పైస్లీ కాలంలో జట్టులోకి వచ్చినవాళ్లే.