పేరు లేని నీలం మందు కొనకండి: విజయనగరంలో ఫిష్ ట్యాంకు ఉన్నవాళ్ళకి జాగ్రత్త

సంక్రాంతికి పది రోజుల ముందు మా పాప గొడవ పడలేక ఇంట్లో ఫిష్ ట్యాంకు పెట్టాను. కనుమ వెళ్ళిన వారానికి అందులో ఒక్క నల్ల మోలీ తప్ప ఏదీ మిగల్లేదు. జబ్బుతో పోయినవాటికంటే నేను చేసిన వైద్యంతో పోయినవే ఎక్కువ. షాపు పేరు రాయను. ఒక్క షాపు గొడవైతే రాసి ఊరుకుందును గానీ, డబ్బాలోంచి మందు వంపి అమ్మే ఈ అలవాటు తర్వాత ఇంకో రెండు చోట్ల కూడా కళ్ళారా చూశాను.

రెండడుగుల ట్యాంకు, ఫిల్టరు, ఎయిర్ పంపు, రంగురాళ్ళు, ఎర్రటోపీ ఒరాండా గోల్డ్ ఫిష్‌లు రెండు, మోలీలు నాలుగు, అద్దం నాకడానికి ఒక సక్కర్. అన్నీ ఒకే రోజు, ఒకే ఆటోలో. "ఇవాళే నీళ్ళు పోసి ఇవాళే చేపలు వేసీయొచ్చా?" అని అడిగితే "వేసీండి సార్, ఏటీ అవదు" అన్నాడు. అక్కడే ఇంకో సంగతి జరిగింది. షాపు ట్యాంకులో ఒక గోల్డ్ ఫిష్ రాయికి పక్కటెముకలు గీకుకుంటూ సర్రున పైకి లేస్తోంది. "దానికి దురదేమో నాన్నా" అంది పాప. నవ్వుకుని, అదే ట్యాంకులోంచి రెండు పట్టించుకొచ్చాం. పాప చెప్పింది నిజమే, అది దురదే. చేప అలా గీకుకుంటే ఆ ట్యాంకులోంచి ఏదీ కొనకూడదని నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

మూడో రోజు పొద్దున్న లైటు వేస్తే ఒరాండా తోక మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. సరిగ్గా రవ్వ పలుకంత, చర్మంలో పాతినట్టు. ధనుర్మాసం చలి, నీళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఫోన్లో వీడియో తీసుకుని షాపుకెళ్ళాను. అతను వీడియో పూర్తిగా చూడలేదు, "వైట్ స్పాట్ సార్" అనేశాడు. జబ్బు పేరు మటుకు సరిగ్గానే చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాత కౌంటరు కిందనుంచి ఐదు లీటర్ల డబ్బా తీసి ఒక పాత దగ్గుమందు సీసాలోకి వంచాడు. సీసా మీది లేబులు సగం గీకేసి ఉంది. మిగిలిన సగం మీద పిల్లలకి ఎన్ని చెంచాలో ఇంకా కనిపిస్తోంది. ఎనభై రూపాయలు. "రోజూ మూత నిండా పోసీండి." ఎన్ని లీటర్లకి మూత నిండా? మందు పేరేమిటి, ఎంత గాఢత? అతను చెప్పలేదు, నేను అడగలేదు. మాత్ర కొంటే వెనక్కి తిప్పి ఎక్స్‌పైరీ చూసేవాణ్ణి, చేప మందనేసరికి నాకూ లోకువైంది.

సాయంత్రం పోశాను. ట్యాంకంతా బట్టలకి నీలిమందు పెట్టే బకెట్టులా అయిపోయింది. తెల్లారి చూస్తే నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి! ఫోన్ చేస్తే "మందు జబ్బుని లాగీసింది సార్" అన్నాడు. ఎంత సంతోషించానో. అలా మూడు రోజులు పోశాక చుక్కలు రాలిపోయాయి. "తగ్గిపోయింది, ఇంక ఆపీండి" అన్నాడు. ఆపేశాను. భోగి నాడు ఇంటికొచ్చినవాళ్ళందరికీ ట్యాంకు చూపించి, మందు భలే పనిచేసిందని నేనే ప్రచారం చేశాను కూడా.

కనుమ పొద్దున్న రెండు ఒరాండాలకీ, మోలీలకీ ఒళ్ళంతా చుక్కలే. "పండగ పూట ఇదేటిరా" అంది మా అమ్మ.

మళ్ళీ షాపు. ఈసారి మందు డబల్ చెయ్యమన్నాడు, ఫిల్టరు ఆపేయమన్నాడు, నీళ్ళు మొత్తం మార్చేయమన్నాడు. పేపరు పొట్లంలో పసుపు పొడి కట్టి "యాంటీబయాటిక్ సార్, గ్యారంటీ" అని నూట ఇరవై తీసుకున్నాడు. వైట్ స్పాట్ బ్యాక్టీరియా జబ్బు కాదు, పరాన్నజీవి. యాంటీబయాటిక్ దాన్ని ముట్టుకోదు. ఆ రోజు నాకది తెలీదు, అతను చెప్పినవన్నీ చేశాను, కుళాయి నీళ్ళు పట్టి మొత్తం మార్చేశాను.

ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండు ఒరాండాలూ నీటి పైకి వచ్చి, మూతి బయట పెట్టి, గాలి మింగుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. మొప్పలు దగ్గరగా చూస్తే మంటలా ఎర్రగా ఉన్నాయి, ఎర్రటోపీ అంచులు నీలం పట్టి ఊదారంగుకి తిరిగాయి. ముందు సక్కర్ పోయింది, ఎక్కడా ఒక్క చుక్క లేకుండానే. తెల్లారేసరికి పెద్ద ఒరాండా, సాయంత్రానికి రెండోది, మర్నాడు మూడు మోలీలు. పాపకి చెప్పడానికి మాటల్లేక జామచెట్టు కింద గొయ్యి తీశాను.

మా బావ పూసపాటిరేగ దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. ఆదివారం వచ్చాడు. చేపని చూడకుండా ముందు నీళ్ళు పరీక్ష చేశాడు. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేసి ఊపితే పసుపు రంగు రావాలట, ముదురు ఆకుపచ్చ వచ్చింది. అమ్మోనియా. "జబ్బు తర్వాత బావా, ఈ నీళ్ళల్లో ఏ చేపా బతకదు" అన్నాడు. తర్వాత ఫిల్టరు విప్పి, అందులోని నల్లటి పొర నా చేతిలో పెట్టాడు. అది కార్బన్. రంగునీ మందునీ పీల్చుకోవడమే దాని పని. రాత్రి పోసిన నీలం తెల్లారికి మాయమైంది అందుకే! మొదటి మూడు రోజులూ నేను మందు పోసింది చేపలకి కాదు, ఆ నల్ల పొరకి. ఫిల్టరు అమ్మిందీ అతనే, మందు అమ్మిందీ అతనే, అయినా చేపల మందు వేసే ముందు కార్బన్ తీసేయాలన్న ఒక్క మాట చెప్పలేదు.

మరి చుక్కలెందుకు రాలాయి? వాటంతటవే. మనకి కనిపించే తెల్ల చుక్క చేప చర్మం కింద తింటూ పెరుగుతున్న పురుగు. అక్కడున్నంతసేపు దానికి ఏ మందూ తగలదు. కడుపు నిండాక ఊడి అడుక్కి జారి, రాళ్ళ మధ్య గూడు కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ రెండు రోజుల్లోపు ఇంకో చేపని పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఆ ఈదే రోజుల్లోనే. వెచ్చటి నీళ్ళల్లో ఈ చుట్టంతా వారం లోపే తిరుగుతుంది, చలికాలం ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే చుక్కలు రాలిన రోజు జబ్బు తగ్గిన రోజు కాదు, అసలు మందు కావలసిన రోజు. అతను సరిగ్గా ఆ రోజే ఆపించాడు.

ఇక అమ్మోనియా సంగతి. చేపలు వదిలే మలినంలోంచి, మొప్పల్లోంచి అది వస్తూనే ఉంటుంది. దాన్ని తిని విషం తగ్గించే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ మీద పెరగాలి, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మాది పది రోజుల ట్యాంకు, ఉన్నదే కాస్త. మిథిలీన్ బ్లూ లాంటి నీలం మందు డబల్ డోసులో ఆ కాస్త బ్యాక్టీరియానీ దెబ్బతీస్తుంది. ఫిల్టరు ఆపేస్తే మిగిలినవి గాలాడక పోతాయి. ఆ పైన మున్సిపాలిటీ కుళాయి నీళ్ళల్లోని క్లోరిన్ నేరుగా మొప్పల మీద. అతను చెప్పిన మూడు పనులూ ఒకదాన్ని మించి ఒకటి.

నీలంగా ఉన్నదల్లా మిథిలీన్ బ్లూ అని కూడా నమ్మొద్దు. పల్చన చేసిన మలకైట్ గ్రీన్ కూడా నీలాకుపచ్చగా ఉంటుంది. అది తినే చేపలకి వాడకూడని రసాయనం, ఒట్టి చేతులతో ముట్టుకోవలసింది కాదు. మా ఇంట్లో ఆ దగ్గుమందు సీసా నాలుగు రోజులు వంటింటి గట్టు మీద ఉంది, ఐదేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో! తలుచుకుంటే ఇదే నాకు ఎక్కువ భయం వేస్తుంది.

కాబట్టి సీలు, మందు పేరు, ఎన్ని లీటర్లకి ఎన్ని చుక్కలో రాసిన లేబులు, తేదీ లేకపోతే కొనకండి. మీ ట్యాంకులో నీళ్ళెన్నో ముందే లెక్క కట్టుకోండి: పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. మాది 60, 30, 25, అంటే 45. అందులో రాళ్ళు ఆక్రమించేది తీసేయాలి. ఆ మాత్రం నీళ్ళల్లో రెండు గోల్డ్ ఫిష్‌లే ఎక్కువ, ఏడు చేపలు అమ్మడమే అన్యాయం. కొత్త చేపని కనీసం మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడండి. షాపులో రెక్కలు ముడుచుకుని మూల నిలబడేవీ, గీకుకునేవీ ఉంటే తిరిగి వచ్చేయండి.

మిగిలిన మోలీని బావ ఇరవై లీటర్ల టబ్బులోకి మార్చాడు. మందు లేదు. నౌపడ కల్లుప్పు, లీటరుకి రెండు గ్రాముల చొప్పున మొత్తం నలభై గ్రాములు, నీళ్ళల్లో కరిగించి సగం ఇవాళ, సగం రేపు. హీటరు పెట్టి నెమ్మదిగా 28, 29 డిగ్రీలకి తెచ్చాం, పురుగు చుట్టు త్వరగా తిరిగి పిల్లలు బయటికి రావాలని. వేడి నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి గట్టిగా పెట్టాం. రోజూ పావు వంతు నీళ్ళు మార్చడం, ముందురోజే పట్టి గాలి కొట్టి ఉంచిన నీళ్ళతో. కొత్తగా పోసిన నీళ్ళకి సరిపడా మాత్రమే మళ్ళీ ఉప్పు. రెండు వారాలు. మోలీ ఉప్పుకి ఓర్చుకునే చేప కాబట్టి సరిపోయింది. గోల్డ్ ఫిష్‌కి అంత వేడి పడదు, సక్కర్ లాంటివాటికి ఉప్పు పడదు, చూసి చెయ్యండి. పెద్ద ట్యాంకుని కడిగి మేడ మీద ఎండబెట్టాం. మూలల్లోని సిలికాన్ ఇంకా నీలంగానే ఉంది, ఎంత తోమినా పోలేదు.

మొన్న డబ్బులు అడగడానికి షాపుకెళ్ళాను. "చేపలకి గ్యారంటీ ఉండదు సార్" అన్నాడు. "ఆ డబ్బాలో ఉన్నదేటి?" అన్నాను. "కంపెనీ మందే." "ఏ కంపెనీ?" జవాబు లేదు. పక్కన కాలేజీ కుర్రాడొకడు ఫోన్లో వీడియో పట్టుకుని నిలబడ్డాడు, అతనికి సీసా నింపి ఇస్తున్నాడు, "మూత నిండా పోసీ."

బయటికొచ్చాక కుర్రాణ్ణి ఆపి ఇదంతా చెప్పాను. "అయితే ఇప్పుడేటి చెయ్యాలన్నా?" అన్నాడు. ఆ సీసా మూత తియ్యకు, ఇంటికెళ్ళి నీళ్ళు పావు వంతు మార్చు, ఫిల్టరు ఆపకు, ట్యాంకు కొలతలూ ఏ చేపలున్నాయో నాకు పంపు, బావని అడుగుతానని నంబరిచ్చాను.