మొదటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్: .22 మేలా, ఏఆర్-15 మేలా?

గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది డల్లాస్ దగ్గర ఒక తుపాకుల షాపుకి వెళ్ళాను. కొనాలనుకున్నది ఏఆర్-15, కొనుక్కొచ్చింది .22 అనే చిన్న తూటా కాల్చే రూగర్ 10/22. రెండూ సెమీ ఆటోమేటిక్‌లే, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే లోపలికి వస్తుంది. కౌంటరు దగ్గరున్న పెద్దాయన నా బడ్జెట్ ఎంతో అడగలేదు, నెలకు ఎన్ని తూటాలు కాల్చగలనో అడిగాడు. తేడా అంతా ఆ ప్రశ్నలోనే ఉందని ఏడాది తిరిగేసరికి నాకు అర్థమైంది.

లెక్కల్లోకి వెళ్ళే ముందు మనవాళ్ళకు ఒక మాట. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్ళు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా దీని కిందికే వస్తుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. షాపులో నింపే 4473 ఫారంలో ఈ సంగతి అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే నేరం. స్నేహితులతో సరదాగా వెళ్ళాం కదా అని రైఫిల్ చేతిలోకి తీసుకోకండి. ఇన్నేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న వీసా అది.

ఇక డబ్బు. మామూలు ఏఆర్-15 ఐదారు వందల డాలర్లకు దొరుకుతుంది, 10/22 సుమారు మూడు వందలకు. ఇక్కడిదాకా చూస్తే ఇంకో రెండు మూడు వందలు పెడదాంలే అనిపిస్తుంది. కానీ .22 తూటా ఒక్కొక్కటి ఎనిమిది సెంట్లు, ఏఆర్‌కి వాడే .223 తూటా నలభై అయిదు సెంట్లు అనుకోండి. నెలకు 200 చొప్పున ఏడాదికి 2,400 తూటాలు. ఆ లెక్కన .22కి 192 డాలర్లు, .223కి 1,080 డాలర్లు. ఆ ఖర్చుకు జంకి నెలకు నలభై తూటాలతో సరిపెట్టుకుంటే గురి ఎప్పటికి కుదురుతుంది? చెవులకు మఫ్స్, కళ్ళద్దాలు, రేంజ్ ఫీజు, ఇంట్లో తాళం వేసి పెట్టుకునే పెట్టె, ఒక పూట శిక్షణ, ఇవన్నీ కూడా అదే బడ్జెట్‌లోంచి రావాలి.

అందుకే మొదటిది .22 అయితేనే మేలంటాను. మరి అందులో ఏది?

10/22 వచ్చింది 1964లో. బరువు అయిదు పౌండ్లు, పది తూటాల రోటరీ మ్యాగజైన్ (తూటాలను గుండ్రంగా పేర్చుకునే డబ్బా) కింద నుంచి లోపలికి ఒదిగిపోతుంది. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. అయితే కొత్తవాళ్ళు దీంతో జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఒకటుంది. చివరి తూటా పేలాక బోల్ట్, అంటే తూటాను లోపలికి నెట్టి వెనక మూసే భాగం, తెరుచుకుని నిలబడదు, మూసుకుపోతుంది. బయటికి చూస్తే తూటా ఉన్నదీ లేనిదీ ఒకేలా కనిపిస్తుంది. మొదటిరోజే నేను ఖాళీ అయిందనుకుని మ్యాగజైన్ తీశాను. పక్కన నిలబడ్డ శిక్షకుడు బోల్ట్ వెనక్కి లాగమన్నాడు. లాగితే ఛాంబర్‌లోంచి, అంటే పేలే ముందు తూటా కూర్చునే గదిలోంచి, ఒక తూటా ఎగిరి బల్ల మీద పడింది. అప్పటినుంచీ మ్యాగజైన్ తీయడం, బోల్ట్ లాగడం, కంటితో చూడడం, చిటికెన వేలు పెట్టి తడమడం, ఈ వరస ఎప్పుడూ తప్పలేదు.

స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ ఎం అండ్ పీ 15-22లో ఈ చిక్కు లేదు, తూటాలు అయిపోతే బోల్ట్ తెరుచుకునే ఉంటుంది. మీటలన్నీ ఏఆర్‌లో ఉన్నచోటే ఉంటాయి కాబట్టి రేపు ఏఆర్ కొనాలనుకునేవాళ్ళకు చేయి ముందే అలవాటవుతుంది. ధర మాత్రం 10/22 కన్నా వంద, నూటయాభై ఎక్కువ. దీనికి మామూలుగా 25 తూటాల మ్యాగజైన్ వస్తుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి చోట్ల పదికి మించకూడదు, అక్కడివాళ్ళు తమ రాష్ట్రానికి తగ్గ మోడలే అడగాలి.

చేతిలో రెండు వందలే ఉంటే సావేజ్ 64 చాలు. నునుపు తక్కువే గానీ గురికి లోటు లేదు.

సెకండ్ హ్యాండ్‌లో మార్లిన్ మోడల్ 60 చాలా కనిపిస్తుంది. 1960 నుంచి కోటికి పైగా తయారయ్యాయి, మంచి రైఫిల్. కానీ తూటాలు బ్యారెల్ కింద గొట్టంలోకి వెళ్తాయి. నింపాలంటే మూతి దగ్గర చేయి పెట్టి లోపలి కడ్డీని పైకి లాగి, పక్కనున్న కన్నంలోంచి ఒక్కొక్కటీ జారవిడవాలి. కొత్తవాళ్ళ చేయి మాటిమాటికీ మూతి దగ్గరికి పోవడం నాకు నచ్చదు.

.22లో నిప్పు రాజేసే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది (ఇలాంటివాటినే రిమ్‌ఫైర్ అంటారు), అందుకే అప్పుడప్పుడు పేలకుండా టిక్కుమంటుంది. వెంటనే బోల్ట్ లాగొద్దు. మూతిని గురి వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. చిన్న తూటా అని చులకన వద్దు, మైలున్నర దూరం పోగలదు. కాల్చాక సీసం పోయేలా చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ ముట్టుకోవాలి.

వేట కోసమే కొనేవాళ్ళ సంగతి వేరు. టెక్సస్‌లో జింకను రిమ్‌ఫైర్ తూటాతో కొట్టకూడదు, అడవిపందికి .22 చాలదు. వాళ్ళకు ఏఆరే సరి. నేనూ రెండేళ్ళ తర్వాత ఒకటి కొన్నాను. శనివారం రేంజ్‌కి వెళ్ళినప్పుడు మాత్రం ముందు 10/22తో వంద తూటాలు కాల్చి, ఆ తర్వాత ఏఆర్‌తో ఇరవై కాలుస్తాను.