భుజంలో బైసెప్స్ టెండన్ నొప్పి: కోసి వదిలేసే సర్జరీ, కోసి బిగించే సర్జరీ - ఏది ఎవరికి?

భుజం ముందువైపు, వేలు పెట్టి చూపించగలిగేంత చోట నొప్పి. మందులు వాడారు, ఫిజియోథెరపీ చేశారు, ఇంజెక్షనూ అయింది, మూడు నెలలైనా లొంగలేదు. అప్పుడు సర్జన్ నోట వినిపించే పేర్లు రెండు. బైసెప్స్ టెండన్‌ని, అంటే జబ్బ కండని ఎముకకి కలిపే తాడుని, కోసి వదిలేస్తే టెనాటమీ, కోసిన కొసని కిందికి దించి జబ్బ ఎముకకి బిగిస్తే టెనోడీసిస్. నొప్పి తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానమే. తేడా అంతా కండ ఆకారం దగ్గర, కోలుకునే కాలం దగ్గర ఉంది.

టెండన్ కోసేస్తే చెయ్యి పనికిరాకుండా పోతుందేమో అన్న భయం అక్కర్లేదు. బైసెప్స్‌కి పైన రెండు తలలు. పొట్టిది కీలు బయటే అతుక్కుని ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోరు. పొడవుది జబ్బ ఎముక మీది గాడిలోంచి పైకొచ్చి, కీలులోకి మలుపు తిరిగి, భుజం కీలు గిన్నె పై అంచున అతుక్కుంటుంది. అరిగేదీ, వాచేదీ, గాడిలోంచి పక్కకి జారేదీ ఈ దారిలోనే. కోసేది ఈ ఒక్కదాన్నే.

అసలు సర్జరీ కన్నా ముందు చూడాల్సింది, నొప్పి నిజంగా దీనిదేనా అని. ఈ టెండన్ ఒంటరిగా చెడడం తక్కువ. పక్కనే ఉన్న రొటేటర్ కఫ్ (భుజం కీలుని చుట్టి పట్టుకునే నాలుగు కండల టెండన్లు), ముఖ్యంగా అందులో ముందువైపుదైన సబ్‌స్కాపులారిస్ చిరిగితే దీని ఆసరా పోయి లోపలివైపుకి జారుతుంది. చేతితో చేసే స్పీడ్, యెర్గాసన్ అనే పరీక్షలు సూచన ఇస్తాయే తప్ప తీర్పు చెప్పలేవు. ఎంఆర్ఐలో పాక్షిక చిరుగులు తప్పిపోవచ్చు. చెయ్యి తిప్పుతూ చూసే అల్ట్రాసౌండ్‌లో టెండన్ జారడం కళ్లముందే కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ టెండన్ చుట్టూ ఉన్న తొడుగులోకి మత్తుమందు ఎక్కిస్తే నొప్పి కాసేపైనా మాయమైందంటే దొంగ దొరికినట్టే. మాయం కాకపోతే ఆపరేషన్ మాట వాయిదా వేసి మళ్లీ వెతకడం మేలు. స్టెరాయిడ్ కూడా తొడుగులోకే పోవాలి, టెండన్‌లోకి గుచ్చితే అదే తెగిపోవచ్చు.

టెనాటమీ కీహోల్ పని, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసేది. కోత వరకు నిమిషాల్లో అయిపోతుంది, స్క్రూ ఉండదు. స్లింగ్ (చేతిని మెడకి వేలాడదీసే పట్టీ) కొన్ని రోజులు, అదీ నొప్పి కోసమే. దీని ముఖ్యమైన లోపం పైకి కనిపించేది: కండ కిందికి జారి మోచేతి పైన ఉండలా తేలడం. దీన్నే పొపాయ్ కండ అంటారు. అందరికీ రాదు, టెండన్ లావెక్కి గాడిలోనే ఇరుక్కుంటే జారదు. కొందరికి బరువు పని చేశాక కండ పట్టేస్తుంది. అరచేతిని పైకి తిప్పే బలం, అంటే స్క్రూడ్రైవర్ తిప్పే బలం, కొంచెం తగ్గవచ్చు. పెద్ద వయసు, లావు చేతులు, బరువు పని లేని జీవితం అయితే ఇదే చాలు. ఇలాంటివారికి స్క్రూలు బిగించడం అనవసరపు హంగు.

టెనోడీసిస్‌లో మంచిచెడ్డలు ఎక్కువ. గాడి పైభాగంలో కీహోల్‌తోనే బిగించవచ్చు, లేదా చంక దగ్గర చిన్న కోత పెట్టి ఛాతీ కండ కింద బిగించవచ్చు. పైన బిగిస్తే కోత చిన్నదే, కానీ జబ్బుపడ్డ టెండన్ గాడిలోనే మిగిలి, కొందరిలో అక్కడి నొప్పి కొనసాగుతుంది. కింద బిగిస్తే గాడి ఖాళీ అవుతుంది. అందుకు బదులు దగ్గరలోని నరానికి దెబ్బ తగిలే ప్రమాదం, ఎముకలో పెద్ద రంధ్రం తొలిస్తే అక్కడ విరిగే ప్రమాదం, రెండూ అరుదుగా. బిగింపుకి స్క్రూ, యాంకర్, బటన్ ఏదైనా వాడతారు. వాటి బ్రాండు కన్నా బిగువు ముఖ్యం: వదులైతే కండ మళ్లీ జారుతుంది, మరీ లాగితే నొప్పి, లేదా పట్టు ఊడడం. కండ, టెండన్ కలిసే చోటు ఛాతీ కండ కింది అంచు దగ్గరికి రావాలన్నది సర్జన్లు పాటించే కొలత.

టెనోడీసిస్ చేయించుకున్నాక ఓపిక కావాలి. స్లింగ్ 4 నుంచి 6 వారాలు. మోచేయి ఇంకో చేతి సాయంతో ఆడించవచ్చు గానీ, 6 వారాల దాకా ఆ చేత్తో బరువెత్తడం, బిగుసుకున్న మూత తిప్పడం కుదరదు. బలం పెంచే వ్యాయామాలు 8 నుంచి 12 వారాల మధ్య మొదలవుతాయి, బరువు పనికి 4 నుంచి 6 నెలలు. చాలా పట్టులు ఊడేది ఈ మొదటి నెలన్నరలోనే, 'నొప్పి లేదు కదా' అని సంచి ఎత్తినప్పుడు. కఫ్ కూడా కుట్టి ఉంటే ఈ లెక్కలన్నీ పక్కకి, దాని గడువే నడుస్తుంది.

టెండన్ మొదలు దగ్గరి లేబ్రమ్ (గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) చిరుగుని కుట్టే స్లాప్ రిపేర్ అని మూడోది ఉంది. బంతి విసిరే కుర్ర ఆటగాళ్లలో ఇప్పటికీ దాన్ని ఆలోచిస్తారు. నలభై దాటినవారిలో కుట్టాక భుజం బిగుసుకుపోవడం, నొప్పి మిగలడం ఎక్కువ కాబట్టి టెనోడీసిస్ వైపే మొగ్గుతారు.

సంతకం పెట్టే ముందు సర్జన్‌ని అడగాల్సినవి: ఎక్కడ బిగిస్తారు, దేనితో బిగిస్తారు, లోపల చూశాక కఫ్ చిరిగి ఉంటే ఏం చేస్తారు. మెడ దగ్గర ఇచ్చే మత్తువల్ల మొదటి రోజు చెయ్యి మొద్దుబారి, ఊపిరి కాస్త బరువుగా అనిపించవచ్చు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఆ సంగతి మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి.