నాలుగేళ్ళు వాడాక మా వీఎన్‌ఏ: వేలితో నొక్కితే దిగే గుట్ట

వీఎన్‌ఏ అంటే వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్, కేబుళ్ళలో, కనెక్టర్లలో సిగ్నల్ ఎంత ముందుకు పోతుందో, ఎంత వెనక్కి తిరిగొస్తుందో కొలిచే పరికరం. మాది నాలుగు పోర్టులు, 8.5 గిగాహెర్ట్జ్, సగం బల్ల మింగేసే పెట్టె. మిగతా స్పెసిఫికేషన్లు కంపెనీ సైట్లో దొరుకుతాయి. నేను రాసేది అందులో ఉన్న టీడీఆర్ ఆప్షన్ గురించే, అంటే సిగ్నల్ దారిలో ఎక్కడ తేడా ఉందో దూరం వారీగా గీత గీసి చూపించేది. కొనేటప్పుడు "దానికి వేరే డబ్బులు దండగ" అని మీటింగ్‌లో వాదించిన పెద్దమనిషిని నేనే.

బెంగళూరులో మా ల్యాబ్ పని ఎం12 ఎక్స్-కోడ్ అనే గుండ్రటి, మర బిగించే కనెక్టర్లు. ఫ్యాక్టరీల్లో, రైలు బోగీల్లో 10 గిగాబిట్ ఈథర్నెట్ వీటి గుండానే పోతుంది. రెండేళ్ళ కిందట ఒక కొత్త డిజైన్‌కి సిమ్యులేషన్‌లో 500 మెగాహెర్ట్జ్ దగ్గర రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్ ఎంత తక్కువో చెప్పే అంకె, ఎంత ఎక్కువుంటే అంత మంచిది) 22 డీబీ వచ్చింది. శాంపిల్ చేయించి కొలిస్తే 15. 10 గిగాబిట్‌కి వాడే క్యాట్ 6ఏ స్టాండర్డ్‌లో కనెక్టర్‌కి అక్కడ కనీస హద్దు 14 కాబట్టి పాసే, కానీ కస్టమర్ ముందు పెట్టుకునే పాసు కాదు.

సిమ్యులేషన్ నాది, కాబట్టి తప్పు కూడా నాదే అనుకున్నాను. ప్లాస్టిక్ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (సిగ్నల్ మీద ఆ ప్లాస్టిక్ ప్రభావం ఎంతో చెప్పే అంకె) 3.2 నుంచి కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. సిమ్యులేషన్ కోసం డిజైన్‌ని ముక్కలు చేసే మెష్‌ని సన్నం చేశాను, ఒక్కో రన్ తెల్లారేదాకా. మూడు వారాలు అలా గడిచాక 3.9 దగ్గర సిమ్యులేషన్ గీత, కొలిచిన గీత దాదాపు కలిశాయి. మేం అచ్చు పోసిన ప్లాస్టిక్‌కి అంత ఉండదని తెలుసు. అయినా కలిసిందన్న సంబరంలో పట్టించుకోలేదు.

రిపోర్ట్‌కి బొమ్మ కోసమని టీడీఆర్ తెరిస్తే బండారం బయటపడింది. ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి దారి చూపే అడ్డు) 100 ఓమ్స్ దగ్గర పారాల్సిన గీత ఒకచోట 138 దాకా లేచి గుట్టలా ఉంది. ప్లాస్టిక్ వల్లయితే ఇంపిడెన్స్ తగ్గాలి, ఇక్కడ పెరిగింది! పైగా ఆ గుట్ట కనెక్టర్ దగ్గర లేదు. కేబుల్లో ఒక నానోసెకనుకి, రానూపోనూ కలిపి చూస్తే, సుమారు 10 సెంటీమీటర్లు. ఆ లెక్కన అది టెస్ట్ బోర్డుకి కేబుల్ టంకం వేసిన చోటు. మా టెక్నీషియన్ది అనంతపురం. "ఉండండి సార్" అంటూ అక్కడ విడిగా ఉన్న జత తీగల్ని రెండు వేళ్ళతో దగ్గరికి నొక్కాడు. గుట్ట దిగింది. వదిలాడు, మళ్ళీ లేచింది. టంకం సులువుగా పడుతుందని జతల మెలిక 25 మిల్లీమీటర్ల దాకా విప్పేశారు, తీగలు ఎడమయ్యేసరికి ఇంపిడెన్స్ పెరిగింది. విప్పింది కూడా ఆయనే, నవ్వేశాడు. 8 మిల్లీమీటర్లకి కుదించి మళ్ళీ టంకం వేస్తే 20.5 వచ్చింది. నేను ప్లాస్టిక్‌ని మళ్ళీ 3.2కి తెచ్చుకున్నాను.

ఒక సంగతి. స్టాండర్డ్ 500 మెగాహెర్ట్జ్ వరకే కదా అని స్వీప్ (ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ కొలవడం) కూడా అక్కడే ఆపి ఉంటే ఆ గుట్ట కనపడేది కాదు, అంతా అలుక్కుపోయేది. టీడీఆర్‌కి పెట్టె ఎంతవరకు పోతే అంతవరకు స్వీప్ చేయాల్సిందే.

ఇదే పెట్టెలో టైమ్ గేటింగ్‌ని, అంటే టీడీఆర్ గీతలో మనకు కావాల్సిన ముక్కనే ఉంచి మిగతాది కత్తిరించడాన్ని, మొదటి ఏడాది అందరి దగ్గరా తెగ పొగిడాను. ఇప్పుడంత నోరు రావడం లేదు. బోర్డు, కనెక్టర్ రెండు మూడు సెంటీమీటర్ల ఎడంలో ఉన్నప్పుడు గేటు అంచు కాస్త జరిపితే అంకె మనకు నచ్చినట్టు మారుతుంది. అందుకే ఇప్పుడు ఐఈఈఈ 370 స్టాండర్డ్‌లో చెప్పినట్టు 2ఎక్స్-త్రూ కూపన్ (కనెక్టర్ లేకుండా బోర్డు దారిని మాత్రమే రెండు వైపులా కలిపిన నమూనా) వేయించి, బోర్డు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాం. పెట్టెని సరిచూసుకునే ఎలక్ట్రానిక్ కాలిబ్రేషన్ ఒక్క బటన్ పని అన్నారు. నిజమే, ఏసీ ఆగి గది వేడి మారనంతసేపు.

కొనాలా అంటే, ఎం12లోనే తక్కువ వేగం రకమైన డి-కోడ్‌లో 100 మెగాబిట్ వరకే మీ పని అయితే అక్కర్లేదు. కేబుల్ వేసిన చోట అది పాసా ఫెయిలా తెలిస్తే చాలంటే చేతిలో పట్టుకునే టెస్టర్ సరిపోతుంది. మాకు నెలకి ఇరవై పైచిలుకు శాంపిళ్ళు వస్తాయి, పైగా డబ్బు కంపెనీది. నా జేబులోంచే అయితే సెకండ్ హ్యాండ్‌లో పాత టీడీఆర్ స్కోప్ ఏదైనా దొరుకుతుందేమో చూసేవాణ్ణి.