కర్నూలు ఎండలో యమహా ఆర్‌ఎక్స్-వీ385: ఏళ్లు వాడాక తేలిన సంగతులు

తక్కువ ఖర్చులో ఇంట్లో సరౌండ్ సౌండ్ కావాలంటే 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకూ, బేస్ మోగించే ఒక సబ్‌ఊఫర్‌కూ శబ్దం పంచే పెట్టె) చాలు. ఏడు స్పీకర్లు, రెండు సబ్‌ఊఫర్ల 7.2 కోసం అప్పు చేయక్కర్లేదు. యమహా ఆర్‌ఎక్స్-వీ385ను ఏళ్లుగా వాడుతూ చెబుతున్న మాట ఇది. 2018 మోడల్. ఐదు ఛానళ్ల యాంప్లిఫయర్, సబ్‌ఊఫర్‌కు వేరే అవుట్, నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్, బ్లూటూత్, గదిని కొలిచే మైక్ ఇస్తారు. వైఫై లేదు, పైనుంచి కూడా శబ్దం వచ్చేలా చేసే డాల్బీ అట్మాస్ లేదు, ఈఆర్క్ లేదు. వైఫై లోటు ఒక స్ట్రీమింగ్ స్టిక్‌తో తీరిపోతుంది. ఓటీటీలో అట్మాస్ అని రాసి ఉన్న సినిమా పెట్టినా, డాల్బీ డిజిటల్ ప్లస్‌లో ఉన్న 5.1 మాత్రం తీసుకుని చక్కగా వినిపిస్తుంది, కాబట్టి ఐదు స్పీకర్లున్న ఇంట్లో అట్మాస్ లేదన్న ధ్యాసే రాదు. ఈఆర్క్ విషయం కింద చెబుతాను.

ముందు వాట్ల లెక్క. ఈ రిసీవర్‌కే రెండు అంకెలున్నాయి: ఒక్క ఛానల్ నడిపి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిస్తే 100 వాట్లు, రెండు ఛానళ్లు నడిపి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా 0.09 శాతం డిస్టార్షన్‌తో కొలిస్తే 70 వాట్లు. రెండూ 6 ఓమ్స్ (స్పీకర్ కరెంటుకు ఇచ్చే అడ్డు) మీదే. షాపులో రెండు బ్రాండ్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ రెండో రకం అంకెనే అడగండి. పెట్టె మీద పెద్దగా అచ్చేసేది చాలాసార్లు మొదటి రకమే. నిజానికి 12×15 అడుగుల హాల్లో 88 డీబీ సెన్సిటివిటీ (ఒక వాట్‌కు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) ఉన్న స్పీకర్లకు మామూలు డైలాగులప్పుడు ఒకటి రెండు వాట్లు కూడా పట్టవు. 3 డీబీ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తీసుకుంటే అదే శబ్దానికి సగం వాట్లు చాలు. అందుకే రిసీవర్ మీద పెట్టే డబ్బు మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు దాటకూడదని నా లెక్క. మిగిలింది మాటలు వినిపించే సెంటర్ స్పీకర్‌కూ సబ్‌ఊఫర్‌కూ పోవాలి.

పాత హోమ్ థియేటర్ సెట్ స్పీకర్లు ఇంట్లో పడున్నాయి, వాటికే కొత్త రిసీవర్ తగిలిద్దాం అనుకునేవాళ్లు చాలామంది. వెనక స్టిక్కర్ చూడండి. 3 ఓమ్స్, 4 ఓమ్స్ అని ఉంటే వద్దు. వాల్యూమ్ పెంచగానే రిసీవర్ ఆగిపోతుంది, లేదంటే లోపల్లోపల కాలుతుంది. పైగా ఆ సెట్ల సబ్‌ఊఫర్లలో చాలావాటికి సొంత యాంప్లిఫయర్ ఉండదు. రిసీవర్ వెనక సబ్‌ఊఫర్ అవుట్ నుంచి వచ్చేది సన్నటి సిగ్నల్ మాత్రమే, దానితో స్పీకర్ కదలదు. కరెంటు ప్లగ్గు ఉన్న యాక్టివ్ సబ్‌ఊఫరే కొనాలి.

వైర్ల దగ్గర డబ్బు ఇటు ఎక్కువా పోతుంది, అటు తక్కువా పోతుంది. ఎలక్ట్రికల్ షాపులో స్పీకర్ వైరు అడిగితే చేతిలో పెట్టేది సాధారణంగా 14/36. అంటే 36 గేజ్ తీగలు పద్నాలుగు, మొత్తం 0.4 చదరపు మిల్లీమీటర్ల రాగి. వెనక సరౌండ్ స్పీకర్లకు గోడ వెంబడి 10 మీటర్లు లాగితే, రానూ పోనూ 20 మీటర్లు, 0.8 ఓమ్ పైనే అడ్డు. 8 ఓమ్స్ స్పీకర్‌కు అది పదో వంతు. అదే 40/36 తీసుకుంటే అడ్డు 0.3 ఓమ్ దగ్గర ఆగిపోతుంది. ఇళ్ల వైరింగ్‌కు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఇంకా మేలు. అంతకు మించి మీటరుకు వందలు పోసే ఆక్సిజన్ ఫ్రీ వైర్లు అక్కర్లేదు. కొసలు చుట్టేటప్పుడు మాత్రం ఒక్క వెంట్రుక తీగ కూడా పక్క టెర్మినల్‌కు తగలకూడదు. ప్రొటెక్షన్‌లోకి పోయి (తనను కాపాడుకోవడానికి ఆగిపోయి) రిసీవర్ ఆన్ కాకపోవడానికి పదిసార్లలో ఎక్కువసార్లు కారణం ఆ ఒక్క తీగే. కొసలకు సోల్డర్ పెట్టడం కన్నా పిన్ను లగ్గులు ప్రెస్ చేయించడం మంచిది, స్క్రూ కింద సోల్డర్ మెల్లగా నలిగి వదులవుతుంది. ప్లస్, మైనస్ అన్ని స్పీకర్లకూ ఒకేలా ఉండాలి. ఒక్కటి తిరగబడినా బేస్ చప్పబడిపోతుంది, పాటలో గాయకుడి గొంతు మధ్యలో నిలబడదు.

మన సీమలో రిసీవర్ బతుకు ఎండ మీద ఆధారపడి ఉంటుంది. హాల్లో టీవీ కింద కడప బండ అరలు కట్టించడం మనకు అలవాటు, చాలా ఇళ్లలో రిసీవర్ చేరేది అందులోకే. మూడు వైపులా గోడ, పైన బండ, ముందు అద్దం తలుపు. మేలో బయట 42 డిగ్రీలుంటే ఆ గూట్లో వేడి ఎక్కడికీ పోదు, బండ దాన్ని రాత్రి దాకా పట్టుకునే ఉంటుంది. అద్దం తలుపు తీసేయండి. రిసీవర్ పైన కనీసం అడుగు ఖాళీ, పక్కలకు జానెడుకు తగ్గకుండా సందు వదలండి. అంత చోటు లేకపోతే అరలో కాకుండా బయట పెట్టండి. పైన సెట్‌టాప్ బాక్స్ గానీ, దుమ్ము పడకుండా కుట్టిన గుడ్డ గానీ వేయొద్దు. గాలి కింది నుంచి లోపలికి పోయి పై జాలీల్లోంచి బయటికి వస్తుంది, ఆ దారి మూస్తే మొదట పోయేది హెచ్‌డీఎంఐ బోర్డు. టీవీ వెనక యూఎస్‌బీకి తగిలించే 5 వోల్టుల చిన్న ఫ్యాన్‌ను పై జాలీ దగ్గర, గాలి పైకి లాగేలా పెట్టండి. టీవీతోపాటే తిరుగుతుంది, తేడా చేతికే తెలుస్తుంది. అనంతపురం గాలికాలంలో దుమ్ము ఎక్కువ, నెలకోసారి మెత్తటి బ్రష్‌తో జాలీలు తుడవాలి. వ్యాక్యూమ్ మూతి లోపలికి పెట్టొద్దు.

కరెంటు సంగతీ అంతే. వేసవి రాత్రుళ్లు వోల్టేజీ బాగా పడిపోయే వీధుల్లో ఉంటే స్టెబిలైజర్ తప్పనిసరి. ఇన్వర్టర్ మీద నడపాలంటే ప్యూర్ సైన్‌వేవ్‌దే కావాలి. స్క్వేర్‌వేవ్ మీద లోపలి ట్రాన్స్‌ఫార్మర్ బుర్రుమని మూలుగుతుంది, వేడెక్కుతుంది. కరెంటు పోగానే స్విచ్ ఆపండి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి వేయండి. ఉరుములప్పుడు డిష్ కేబుల్ సెట్‌టాప్ బాక్స్ నుంచి పీకేయాలి, పిడుగుపాటు ఆ దారినే హెచ్‌డీఎంఐ లోపలికి దిగుతుంది. ఇంకో మాట: అమెరికా నుంచి పిల్లలు తెచ్చే రిసీవర్ 120 వోల్టులది. ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే ఆ క్షణమే పోతుంది. కనీసం 500 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సి వస్తుంది, ఆ ఖర్చూ వారంటీ నష్టమూ కలిపితే ఇక్కడ కొన్నదే మేలు.

ఇక మైక్‌తో కొలవడం. దీన్ని వైపీఏఓ అంటారు, ఈ ధరలో రిసీవర్ ఎంచుకోవడానికి నాకు మొదటి కారణం ఇదే. మైక్‌ను సోఫా మీద పడేయకూడదు. కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో కెమెరా స్టాండ్‌కు బిగించాలి. ఫ్యాన్, కూలర్, ఫ్రిజ్ ఆపేయాలి. సబ్‌ఊఫర్ వాల్యూమ్ సగంలో, దాని క్రాసోవర్ నాబ్ (ఏ ఫ్రీక్వెన్సీ దాకా బేస్ సబ్‌ఊఫర్‌లో మోగాలో చెప్పేది) చివరిదాకా తిప్పి ఉంచాలి. కొలత అయ్యాక సబ్‌ఊఫర్ దూరం చూస్తే టేపుతో 9 అడుగులున్న చోట 13, 14 అని కనిపించవచ్చు. దిద్దొద్దు. సబ్‌ఊఫర్ లోపలి ఫిల్టర్ల వల్ల శబ్దం కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది, మైక్ ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కగట్టింది. దిద్దుకోవాల్సినవి వేరే ఉన్నాయి: స్పీకర్లన్నీ స్మాల్‌కు (లోతైన బేస్‌ను సబ్‌ఊఫర్‌కు వదిలే సెట్టింగ్‌కు) మార్చి క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి, నాలుగు అంగుళాల చిన్న స్పీకర్లయితే 100 లేదా 120. పాటలు మోగిపోతూ మాటలు వినపడటం లేదంటే సెంటర్‌ను 2, 3 డీబీ పెంచండి. రిమోట్‌లో స్ట్రెయిట్ బటన్ నొక్కితే రిసీవర్ కలిపే అదనపు ప్రతిధ్వని తీసేసి ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. సినిమాకు నేను అదే వాడతాను.

అయినా బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో పరిచిన నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో ఏ మైక్ కూడా ప్రతిధ్వనిని పూర్తిగా తీయలేదు. ముందు స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద మందపాటి జంఖానా, కిటికీకి బరువైన కర్టెన్, సోఫా వెనక గోడకు పుస్తకాల అర. వెయ్యి రెండు వేల ఖర్చులో మాటల్లో వచ్చే స్పష్టత పది వేలు ఎక్కువ పెట్టి కొన్న రిసీవర్‌తో రాదు.

ఆర్క్ (టీవీ శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెనక్కి రిసీవర్‌కు పంపే దారి; ఈఆర్క్ దాని కొత్త రూపం) దగ్గర అందరూ తికమకపడతారు. కేబుల్‌ను టీవీలో ఆర్క్ అని రాసి ఉన్న సాకెట్‌కే పెట్టాలి, టీవీలోనూ రిసీవర్‌లోనూ సీఈసీ (హెచ్‌డీఎంఐ మీదుగా పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, టీవీ డిజిటల్ ఆడియోను పీసీఎం నుంచి ఆటో లేదా పాస్‌త్రూకు మార్చాలి. పీసీఎంలో వదిలేస్తే రెండు ఛానళ్లే వస్తాయి, వెనక స్పీకర్లలో వినిపించేది రిసీవర్ అల్లిన సరౌండ్ మాత్రమే. రిసీవర్ డిస్‌ప్లేలో డాల్బీ డిజిటల్ అని వచ్చిందో లేదో చూసుకోండి. కొన్ని తెలుగు సినిమాలు ఓటీటీలో స్టీరియోలోనే ఉంటాయి, అప్పుడు మాత్రం సెట్టింగ్ తప్పు కాదు. పెన్‌డ్రైవ్‌లోని సినిమాకు డీటీఎస్ రకం ఆడియో ఉంటే చాలా టీవీలు దాన్ని ఆర్క్ మీదుగా పంపవు. ఈఆర్క్ లేకపోవడం తగిలేది బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ ఆడియోను టీవీ నుంచి పంపాలన్నప్పుడు. అందుకే ప్లేయర్, స్టిక్ రెండూ నేరుగా రిసీవర్‌కే పెట్టండి, టీవీకి బొమ్మ మాత్రం పోతుంది. 4కే 120 హెర్ట్జ్ గేములు ఆడేవాళ్లకు ఈ రిసీవర్ సరిపోదు, దీనిలోంచి 60 హెర్ట్జ్ దాకానే పోతుంది. వాళ్లు కన్సోల్‌ను టీవీకి పెట్టి శబ్దాన్ని ఆర్క్‌లో తెచ్చుకోవాలి.

సబ్‌ఊఫర్ అదేపనిగా హుమ్మంటుంటే కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. ఆగిపోతే ఎర్త్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి వచ్చే మోత), ఆ వైరు మధ్యలో చిన్న ఐసోలేటర్ పెడితే సరి. మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ కొయ్యొద్దు.

ఇది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే నాలుగు హెచ్‌డీఎంఐలూ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి, మైక్ ఉందో లేదో అడగండి. తర్వాత వాల్యూమ్ బాగా తగ్గించి ఐదు నిమిషాలు పాట వినండి. ఒక వైపు శబ్దం రాకుండా, వాల్యూమ్ పెంచగానే టక్కున వస్తే స్పీకర్ రిలే (స్పీకర్లను లోపల కలిపే స్విచ్) కాంటాక్టులు మసిబారాయి. రిలే మార్పించుకోవచ్చు, ఖర్చు పెద్దది కాదు; ఆ మేరకు ధర తగ్గించమనండి. హెచ్‌డీఎంఐలో బొమ్మ వచ్చిపోతూ ఉంటే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.