తిరుపతిలో "ఆరు నెలల స్కూల్ లైబ్రేరియన్ డిప్లొమా"కు డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

డిగ్రీ చదివి, పిల్లలు పుట్టి, ఇంటికి దగ్గర్లో ఏదైనా స్కూల్లో ఉద్యోగం దొరికితే చాలనుకునే ఆడవాళ్లు మన తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. టీచరు కావాలంటే బీఈడీ చేయాలి, దానికి రెండేళ్లు. అట్లాంటప్పుడు "ఆరు నెలల్లో స్కూల్ లైబ్రేరియన్ అవ్వండి" అనే కరపత్రం పేపర్లో పెట్టి ఇంటికొస్తే చూపు దాని మీదే నిలబడిపోతుంది. నా చూపూ అట్లే నిలబడింది. 42 వేలు కట్టినాను. చేతికొచ్చిన సర్టిఫికెట్ ఎక్కడా చెల్లదు. డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకొకటి కూడా ఆ కాగితంలోనే ఉంది, చివర్లో చెప్తాను.

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తా ఉంది. పైగా బోర్డు మీద పేరు వాళ్లు ఇప్పటికే ఒకసారి మార్చినారు, పేరు చెప్పినా మీకు పెద్దగా పనికిరాదు. వాళ్లు ఏం చూపిస్తారో, ఏం మాట్లాడతారో తెలిస్తే ఏ బోర్డు కింద కూర్చున్నా మీరు గుర్తుపట్టగలరు.

నేను చంద్రగిరి పక్కన ఒక ప్రైవేటు స్కూల్లో లైబ్రరీ హెల్పరుగా మూడేళ్లు చేసినాను. పుస్తకాలు సర్దడం, పిల్లోళ్లకు ఇచ్చి రాసుకోవడం, చినిగినవి అతికించడం. ఆ పని నాకు ప్రాణం. మా స్కూలు సీబీఎస్‌ఈకి పోదామనుకున్నప్పుడు ప్రిన్సిపాల్ మేడం పిలిచి, "నీకు లైబ్రరీ సైన్సులో క్వాలిఫికేషన్ ఉంటే నిన్నే లైబ్రేరియన్‌గా పెడతాను, లేకపోతే బయట నుంచి తీసుకోవాల్సి వస్తుంది" అన్నారు. ఆ మాట మీదే నేను కోర్సు కోసం వెతకడం మొదలుపెట్టినాను. డ్వాక్రా సంఘంలో కొంత అప్పు తీసుకుని, మిగతాది మా అమ్మ గొలుసు కుదవ పెట్టి కట్టినాను.

వాళ్ల ఆఫీసులో మొదట కనపడేది గోడ. గోడ నిండా ఫ్రేములు. ఐఎస్‌ఓ సర్టిఫికెట్, ఎంఎస్‌ఎంఈ సర్టిఫికెట్, నీతి ఆయోగ్ అని రాసిన కాగితం, సొసైటీ రిజిస్ట్రేషన్. అశోక స్తంభం బొమ్మ, సెంట్రల్ గవర్నమెంట్ పేరు చూసి మా నాయన కూడా "ఇంక పర్వాలేదులే" అన్నాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ ఏందో చెప్తాను, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఐఎస్‌ఓ 9001 అంటే ఒక సంస్థ తన పనిని ఒక పద్ధతి ప్రకారం చేస్తోందని ప్రైవేటు సర్టిఫికేషన్ ఏజెన్సీ ఇచ్చే కాగితం. కోర్సు చెల్లుతుందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఎంఎస్‌ఎంఈ వాళ్లది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు. ఆధార్ నంబరుతో ఆన్‌లైన్లో ఎవరికి వాళ్లే ఉచితంగా చేసుకోవచ్చు, టిఫిన్ అంగడికైనా వస్తుంది. నీతి ఆయోగ్ దర్పణ్ అనేది స్వచ్ఛంద సంస్థలు తమ వివరాలు నమోదు చేసుకునే పోర్టల్. సొసైటీ రిజిస్ట్రేషన్ అంటే ఆ సంఘం ఉంది అని మాత్రమే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ చదువు చెప్పి సర్టిఫికెట్ ఇచ్చే గుర్తింపు కాదు. కౌంటర్లో మేడం "మాకు ఎన్‌సీటీఈ కూడా ఉంది పాపా" అన్నారు. ఎన్‌సీటీఈ చూసేది బీఈడీ, డీఈఎల్ఈడీ లాంటి టీచర్ ట్రైనింగు కోర్సులను. లైబ్రరీ సైన్సు కోర్సు దాని కిందకి రాదు. ఎవరైనా లైబ్రేరియన్ కోర్సుకు ఎన్‌సీటీఈ గుర్తింపు అని చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

డిగ్రీ అనకుండా డిప్లొమా అని ఎందుకంటారో కూడా నాకు తర్వాతే అర్థమైంది. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. ఆ సెక్షన్‌లో ఉన్నది డిగ్రీ మాట. అందుకని వీళ్లు డిగ్రీ అనే మాట జోలికి పోరు.

ఇక అసలు ఎర. వాళ్ల దగ్గర కేంద్రీయ విద్యాలయాల పాత నోటిఫికేషన్ ప్రింటు తీసి పెట్టినారు. లైబ్రేరియన్ పోస్టుకు లైబ్రరీ సైన్సులో బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి, లేదా డిగ్రీతో పాటు గుర్తింపు పొందిన సంస్థ నుంచి లైబ్రరీ సైన్సులో ఒక ఏడాది డిప్లొమా ఉండాలి అని అందులో ఉంటుంది. ఆ నోటిఫికేషన్ నిజమైనదే. వీళ్లు "డిప్లొమా" అన్న మాట మీద పచ్చ రంగు పూసి చూపిస్తారు. అదే వాక్యంలో "గుర్తింపు పొందిన సంస్థ", "ఒక ఏడాది" అనే మాటల మీద రంగు ఉండదు. నేను ఆ వాక్యాన్ని పూర్తిగా చదివి ఉంటే ఆ రోజే ఇంటికి వచ్చేసేదాన్ని. మీరు చదవండి. హిందీ, ఇంగ్లీషు పని జరిగేంత రావాలని కూడా దాని కిందే ఉంటుంది, దాన్ని వాళ్లు నాతో అనలేదు.

"ఇంక జడ్పీ హైస్కూళ్లన్నిటికీ లైబ్రేరియన్ పోస్టులు పడబోతున్నాయి, ముందు చేరినోళ్లకే" అని కూడా చెప్పినారు. జీవో నంబరు అడిగితే "వస్తుంది, వస్తుంది" అన్నారు. నాకు చూపించిన జీవో ఒక్కటీ లేదు.

క్లాసుల సంగతి. ఆర్నెల్లలో తొమ్మిది ఆదివారాలు జరిగినాయి. జిరాక్సు నోట్సు ఇచ్చినారు. మన దేశంలో లైబ్రరీ సైన్సుకు బాట వేసిన రంగనాథన్ గారి అయిదు సూత్రాలు చెప్పినారు, 1931లో వచ్చినాయని చెప్పినారు, అది నిజమే. డ్యూయీ వర్గీకరణ, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే పద్ధతి, అని పది తరగతుల పట్టిక బోర్డు మీద రాయించినారు. 000 నుంచి 900 దాకా. అంతే. డ్యూయీ పుస్తకం నాలుగు వాల్యూములు ఉంటుందని, చివరి వాల్యూము మొత్తం ఇండెక్సేనని నేను ఆ ఆర్నెల్లలో వినలేదు, చూడలేదు. యాక్సెషన్ రిజిస్టరు, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరసగా ఎక్కించే రిజిస్టరు, ఎట్లా రాయాలి సార్ అని అడిగితే "అవన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది" అన్నారు. ఏ సాఫ్ట్‌వేరూ తెరిచి చూపించలేదు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ ఉంది. ఒక పాత కంప్యూటరు పెట్టి రెండు పుస్తకాలు ఎక్కించి చూపించినా మాకు కొంత తెలిసేది. ఇంటర్న్‌షిప్ అని మేము ఎప్పుడూ కాలు పెట్టని ఒక స్కూలు పేరుతో లెటరు ఇచ్చినారు. ఆ రోజు నాకు మనసులో కలుక్కుమంది. అప్పటికే డబ్బంతా కట్టేసినాను, ఇంట్లో ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

బయటపడింది చిత్తూరులో. ఒక పెద్ద స్కూల్లో లైబ్రేరియన్ ఇంటర్వ్యూకు పోయినాను. ప్యానెల్లో రిటైరైన లైబ్రేరియన్ సారు ఒకాయన ఉన్నారు. సర్టిఫికెట్ చూసి, "ఏ యూనివర్సిటీ అమ్మా ఇది?" అన్నారు. నేను సంస్థ పేరు చెప్పినాను. ఆయన ఇంకేమీ అనకుండా పిల్లల కోసం రాసిన పాముల పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి, "దీనికి నంబరు వెయ్యి" అన్నారు. 500 అని చెప్పినాను, సైన్సు కాబట్టి. ఆయన కోప్పడలేదు. డ్యూయీ రెండో వాల్యూము తీసి నా ముందు పెట్టి, 590 జంతువులు, 597లో చేపలూ పాములూ లాంటి చల్లని నెత్తురు ప్రాణులు, 597.9 సరీసృపాలు, 597.96 పాములు అని వేలు పెట్టి చూపించినారు. "సైన్సు పుస్తకాలన్నిటికీ 500 వేస్తే, పాముల గురించి అడిగిన పిల్లోడికి నువ్వు బీరువా మొత్తం వెతకాలి కదమ్మా" అన్నారు. ఆ అయిదు నిమిషాల్లో నేర్చుకున్నంత నేను ఆర్నెల్లలో నేర్చుకోలేదు. ఉద్యోగం రాలేదు, అది న్యాయమే. బయటికొచ్చి వరండాలో కూర్చుని ఏడ్చినాను.

ఆ సారే తర్వాత బయటికొచ్చి ఎక్కడ, ఎట్లా కనుక్కోవాలో చెప్పినారు. ఆయన చెప్పినదీ, నేను తర్వాత తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. అసలైన దారి బి.లిబ్, అంటే బీఎల్ఐఎస్‌సీ, లైబ్రరీ సైన్సులో బ్యాచిలర్ డిగ్రీ. ఏ డిగ్రీ అయినా చేసినాక ఒక ఏడాది. మన ఊర్లోనే 1954లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ఉంది, అందులో లైబ్రరీ సైన్సు డిపార్ట్‌మెంటు ఉంది. నేను జిరాక్సు నోట్సు పట్టుకుని కూర్చున్న గదికీ దానికీ మధ్య ఆటోలో పోయేంత దూరం. ఒక్కసారి పోయి అడిగి ఉంటే సరిపోయేది. అడ్మిషన్ ఎప్పుడు, ఫీజెంత అనేది వేరేవాళ్ల నోట వినకండి, డిపార్ట్‌మెంటుకే పోయి అడగండి. ఇంట్లో ఉండి చదవాలంటే ఇగ్నో లాంటి ఓపెన్ యూనివర్సిటీల్లో బి.లిబ్ ఉంది. ఇంటర్ తర్వాత చేసే సి.లిబ్ సర్టిఫికెట్ కోర్సు వేరు, దాంతో వచ్చే పోస్టులు వేరు. రెండూ ఒకటే అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

దూరవిద్యలో చేరేవాళ్లు తప్పకుండా చూడాల్సింది యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైటు. అక్కడ ఏ యూనివర్సిటీకి, ఏ సంవత్సరానికి, ఏ కోర్సుకు అనుమతి ఉందో పట్టిక ఉంటుంది. యూనివర్సిటీ పేరు ఉంటే చాలదు, మీరు చేరబోయే సెషన్‌కు ఎదురుగా లైబ్రరీ సైన్సు కోర్సు కూడా ఉండాలి. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ ఆ బ్యూరో పోర్టల్లో డెబ్ ఐడీ చేసుకోవాలి. ఎవరైనా "అవేమీ అక్కర్లేదు, మేము చూసుకుంటాం" అన్నారంటే అక్కడ అడ్మిషనే లేదని అర్థం. ఫ్రాంచైజీ పద్ధతిలో దూరవిద్య నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. ఫీజు యూనివర్సిటీ సొంత పోర్టల్లోనే కట్టండి. నేను సగం డబ్బు ఒక మనిషి ఫోన్‌పే నంబరుకు పంపినాను, మిగతాదానికి చేతిరాత చీటీ ఇచ్చినారు.

ఇంటర్వ్యూ అయినాక నేను పోయి గట్టిగా అడిగితే, వాళ్లు నాకు ఇంకో బేరం పెట్టినారు. ఇంకో 30 వేలు ఇస్తే ఉత్తరాది యూనివర్సిటీ పేరుతో బి.లిబ్ తెప్పిస్తారంట, పరీక్షకు పోనక్కర్లేదంట. దండం పెట్టి బయటికొచ్చినాను. ఇది మీకూ చెప్తారు. ఒకసారి పోయిన డబ్బు రాబట్టుకోవాలనే తొందరలో ఉన్న మనిషికి ఆ మాట తియ్యగా వినిపిస్తుంది, జాగ్రత్త.

చేరేటప్పుడు నా టెన్త్, డిగ్రీ ఒరిజినల్స్ తీసిపెట్టుకున్నారు. అవి వెనక్కి తీసుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. మా నాయన, నేను పోలీస్ స్టేషన్లో కాగితం రాసిచ్చినాక రెండో రోజు ఇచ్చినారు. ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయొద్దు. నిజమైన యూనివర్సిటీలు, కాలేజీలు కూడా వాటిని దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ తిరిగి సంచిలో పెట్టుకోండి.

డబ్బు గురించి 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించినాను, తెలుగులోనే మాట్లాడినాను. రిజిస్టర్ పోస్టులో నోటీసు కూడా పంపినాను. ఆ తర్వాత 12 వేలు వెనక్కి ఇచ్చినారు. మిగతా 30 వేల కోసం జిల్లా వినియోగదారుల కమిషన్లో వేయడానికి కాగితాలు సర్దుకుంటున్నాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, సొంతంగా వాదించుకోవచ్చు, కానీ జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కరపత్రం, చీటీలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాళ్లు పంపిన వాట్సాప్ వాయిస్‌లు ఏదీ చెరిపేయకండి. నా దగ్గర ఆ కరపత్రం మిగలడం వల్లే "ప్రభుత్వ గుర్తింపు" అని వాళ్లు అచ్చు వేసినట్టు చూపించగలిగినాను.

ఇప్పుడు ఒక యూనివర్సిటీలో బి.లిబ్ చేస్తున్నాను. తేడా మొదటి వారంలోనే తెలిసింది. వర్గీకరణ ప్రాక్టికల్స్‌లో వాల్యూములు ముందు పెట్టుకుని నంబరు కట్టాలి. తెలుగు సాహిత్యం 894.827, దానికి నవలలూ కథలూ అయితే 3 చేర్చి 894.8273, కవిత్వం అయితే 894.8271. ఒక్కో అంకె ఎందుకు వచ్చిందో చెప్పకపోతే మార్కు రాదు. క్యాటలాగు ఎంట్రీలో ఒక చుక్క తప్పినా మా మేడం వెనక్కి ఇస్తారు. రాత్రి పాప నిద్రపోయినాక కూర్చుని చేస్తుంటే కష్టంగానే ఉంది, కానీ మా స్కూలు లైబ్రరీలోని 1,100 పుస్తకాలకు నేనే నంబర్లు రాస్తానని ఇప్పుడు నమ్మకంగా ఉంది.

ముందు చెప్పిన పెద్ద చిక్కు ఇది. ఆ సర్టిఫికెట్లో కోర్సు కాలం ఒక ఏడాది అని అచ్చు వేసినారు. నోటిఫికేషన్లో ఏడాది డిప్లొమా అని ఉంది కాబట్టి దానికి సరిపోయేటట్టు మొదలైన తేదీని ఆరు నెలలు వెనక్కి జరిపినారు. ఆ తేదీన నేను ప్రసూతి ఆసుపత్రిలో ఉన్నాను, అది మా పాప పుట్టిన రోజు. సర్టిఫికెట్ చేతికొచ్చినప్పుడు బంగారు రంగు సీలు చూసినాను కానీ ఆ తేదీ చూడలేదు. చిత్తూరు సారు చూసినారు. "ఇది ప్రభుత్వ ఉద్యోగానికి పెట్టి ఉంటే, తప్పుడు సర్టిఫికెట్ పెట్టిందని కేసు నీ మీద పడేదమ్మా" అన్నారు.

నాతో పాటు ఆ బ్యాచిలో పుత్తూరు, పీలేరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు ఉన్నారు. అందరి ఫోను నంబర్లూ నా దగ్గర లేవు. ఇది మీ కంట పడితే వెంటనే మీ సర్టిఫికెట్ తీసి మొదలైన తేదీ చూడండి. దాన్ని ఏ అప్లికేషన్‌కూ జత చేయకండి, ఇప్పటికే చేసి ఉంటే ఆ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పి వెనక్కి తీసుకోండి. రసీదులు ఉన్నవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, కమిషన్లో కలిసి వేద్దాం.